బొట్టు కింద ఎర్ర లైటు

ఏవండీ,

ఎలా ఉన్నారని అడగడం అలవాటు కదా... అడిగేశాను. మీరు వెళ్లి రెండేళ్లు కావస్తోంది. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప. ఈ వారం మాత్రం మీ డబ్బా నన్ను నానా తిప్పలూ పెట్టింది. అది చెప్దామనే కూర్చున్నాను.

అదేనండీ, స్టూడియో గదిలో బీరువా పక్కన పెట్టుకున్న నల్ల డబ్బా. సర్వర్ అనేవారు. తీసిన ప్రతి పెళ్లి వీడియో అందులో దాచేవారు. పెన్‌డ్రైవ్ చేతికిచ్చేశాక ఇంకా మనకెందుకు ఈ మోత అని నేను సణిగితే, "వాళ్లు పోగొట్టుకుంటారే పద్మా, మన దగ్గరుండాలి" అనేవారు. ఊరికే ఇంత చాకిరీ ఎవరైనా చేస్తారా? జగ్గయ్యపేట మొత్తానికి మీరొక్కరే దొరికారు నాకు.

సోమవారం పెనుగంచిప్రోలు నుంచి ఏసోబు గారని ఒకాయన వచ్చారు. మిర్చి కోతలు వదులుకుని మరీ ఆటోలో వచ్చారు. వాళ్ల అమ్మాయి పెళ్లి మీరే తీశారట. ఆయన భార్య కాంతమ్మ గారు క్రిస్మస్ ముందు పోయారు. ఈ ఆదివారం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. రేషన్ కార్డు మీద తప్ప ఆవిడ ఫొటో ఒక్కటీ లేదట. అప్పగింతలప్పుడు కూతుర్ని పట్టుకుని ఏదో అన్నారట... ఆ మాట ఒక్కసారి వినాలని ఆయన కోరిక. మీరిచ్చిన పెన్‌డ్రైవ్ ఎప్పుడో పాడైపోయింది.

దానికేం భాగ్యం, ఇప్పుడే ఇస్తానని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోల్డర్ తెరుచుకుంది. వీడియో నొక్కితే ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. టీ పెట్టి ఆయనకిచ్చి వచ్చినా తిరుగుతూనే ఉంది. రేపు ఫోన్ చేస్తానని పంపేశాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి దణ్ణం పెట్టారండీ. ప్రాణం ఉసూరుమంది.

తర్వాత డబ్బా దగ్గర కూలబడి చూస్తే ఏముంది... దాని లైట్ల మీద నేను పెట్టిన బొట్టే. ఏడాది మైల తీరాక వచ్చిన దసరాకి మీ కెమెరాలూ స్టాండ్లూ అన్నీ తుడిచి, గంధం రాసి కుంకుమ పెట్టాను. నువ్వు పెట్టకూడదని మీ అక్కయ్య ఏదో అనబోయింది, నేను వినలేదు. మీ సామాన్లకి నేను కాక ఎవరు పెడతారు? డబ్బాకి మాత్రం సరిగ్గా లైట్ల మీదే దట్టంగా అద్దాను. ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే కింద ఎర్ర లైటు వెలుగుతోంది. ఎన్నాళ్ల నుంచో ఏమో... అప్పుడప్పుడూ కీచుమని అరిచేది కూడా. ఇన్వర్టర్ అనుకుని దాన్ని తిట్టుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు డబ్బాని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నందిగామ బస్సెక్కాను. పక్కనావిడ పసిబిడ్డనుకుని సర్దుకుని చోటిచ్చింది. దిగేదాకా నేనూ నోరు మెదపలేదు.

నందిగామలో కంప్యూటర్ షాపతను విప్పి చూశాడు. లోపల డిస్కులు రెండట, రెండింట్లోనూ ఉండేది ఒకటేనట. ఒకటి పాడైంది, రెండోదీ పాతబడిపోయిందన్నాడు. కొత్తది పెట్టి అంతా అందులోకి ఎక్కించాలి. ఆ శ్రమకి రెండోది మధ్యలో ఆగిపోతే ఇక ఏదీ మిగలదట. అందుకని అన్నిటికన్నా కావలసిందేదో చెప్పమన్నాడు, ముందు దాన్ని తీసి పక్కన పెడతానన్నాడు.

ఏం చెప్పను? మన అమ్మాయి బారసాల అందులోనే ఉంది. మీ గొంతూ అందులోనే ఉంది. మీరెప్పుడూ కెమెరా వెనకే కదండీ... ఎక్కడో ఓ మూల "కొంచెం నవ్వండమ్మా" అని వినబడటమే. నాకు మిగిలింది అంతే. అదీ పోతే?

ఏసోబు గారిదే ముందు తీయమన్నాను. గొప్పకి కాదు. మీరుంటే అదే చేసేవారు, నాచేత తిట్లు తిని మరీ చేసేవారు. అతను తీస్తున్నంతసేపూ మిమ్మల్ని మనసులో తిడుతూనే ఉన్నాను.

అది వచ్చింది. మిగతాదంతా ఎక్కడానికి మర్నాడు సాయంత్రం దాకా పట్టింది. మళ్లీ వెళ్లి షాపులో స్టూలు మీద కూర్చున్నాను. అన్నీ వచ్చాయండీ. మీ గొంతుతో సహా. అక్కడే ఏడ్చేశాను... షాపతను ఫ్యాను పెద్దది చేశాడు.

నిన్న ఏసోబు గారు వచ్చారు. మన గదిలోనే నిలబడి చూశారు. "ఆకలైతే అడిగి తినమ్మా, మొహమాటపడకు" అంటున్నారు కాంతమ్మ గారు కూతురితో. ఇంకోసారి వేయమని అడగలేక ఆయన అలాగే నిలబడిపోయారు. నేనే మళ్లీ వేశాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. డిస్కు పాడవుతోందని డబ్బా ఇన్నాళ్లూ మెయిల్ పంపుతూనే ఉందట... మీకు. మీ ఫోన్ నా సంచిలోనే ఉంటుంది, ఇప్పటికీ ఛార్జింగ్ పెడుతున్నాను. తెరిస్తే బారులు తీరి ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే మాట. మీరు పలకలేదని అది మానలేదు. ఇకమీద ఎవరికి పంపాలని అడిగాడు షాపతను, సార్‌ది తీసేయమంటారా అన్నాడు.

తీసేయమన్నాను. నాది పెట్టమన్నాను. ఈసారి పాడైతే చూసుకోవాల్సింది నేనే కదా.

ఇక అది మీకు రాయదు. నేను రాస్తూ ఉంటాలెండి.

మీ
పద్మ