నీలం గేటు దాకా

అమ్మా, నేను కులాసా. నువ్వు భయపడినట్టు రక్తం చూసి ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు.

మా శిక్షణలో ముందు మమ్మల్నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి అంబులెన్స్‌లో తిప్పారు. పడుకున్నవాళ్లకు దారి కనపడదమ్మా. కిటికీ అద్దంలో చెట్ల చివర్లు, కరెంటు తీగలు, మబ్బులు మెల్లగా జారిపోతుంటాయి, నీళ్లలో తేలుతున్నట్టుంటుంది. "పేషెంటుకు దారి చెబుతూ ఉండండి, సగం భయం పోతుంది" అన్నారు మాస్టారు.

నిన్న గుండెనొప్పి వచ్చిన ఒక మామ్మగారిని తీసుకెళ్లాం. మాస్టారు మందు ఎక్కిస్తుంటే నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "ఎందాకా వచ్చామే?" అని అడిగింది. ఈ ఊరి దారులు నాకేం తెలుసు? నోటికి మన వీధే వచ్చింది. "టైలరు కొట్టు దాటాం మామ్మా. ఇది పిండిమర మలుపు. అదిగో నీలం గేటు" అన్నాను.

"గేటు దగ్గర ఎవరే?" అంది, కళ్లు మూసుకునే.

"మా అమ్మ."

ఆసుపత్రి వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. దిగాక డ్రైవరు, "ఏ ఊరు తిప్పుకొచ్చావమ్మా ఆవిణ్ణి?" అని నవ్వాడు. ఇవాళ లేచి కూర్చుందట.

నా ఉన్ని స్వెట్టరు పంపు. బీపీ మాత్రలు మానకు. నానమ్మకు నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు. నాన్న గేటుకు రంగు మారుస్తానన్నారుగా, మార్చేసి ఉంటే వెంటనే రాయి. రేపు ఇంకెవరినైనా మనింటికి తీసుకురావాల్సి రావచ్చు.

నీ కూతురు