ఒక మెట్టు కింద

మార్చి 3, మంగళవారం

కొత్త మాత్ర మొదలుపెట్టాను. నిరుటి నుంచి నా ఎడమ చెంపలో కరెంటు షాకు కొడుతోంది. పళ్లు తోముకుంటే షాకు. నవ్వితే షాకు. దుప్పటి అంచు తగిలినా షాకే. రెండు మంచి పళ్లు ఊరికే పీకించుకున్నాను. తప్పు పళ్లది కాదు, ముఖంలో నరానిది అంది డాక్టర్ ఆర్సెనో. మామూలు నొప్పి బిళ్లలు దీని జోలికి కూడా పోలేవట, ఇది మూర్ఛలకిచ్చే మందట. తల తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి, నీ అంతట నువ్వు మానెయ్యకు అని రెండుసార్లు చెప్పింది.

మార్చి 5

గోడ వచ్చి నన్ను గుద్దింది.

మార్చి 7, శనివారం

నడుస్తుంటే నేల ఊగుతోంది. మా ఆయన అన్సెల్మ్ ముప్పయ్యేళ్లు పీతల పడవ నడిపిన మనిషి, నా మోచెయ్యి పట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నడవడం నేర్పాడు. నాకు ఇద్దరు అన్సెల్మ్‌లు కనబడుతున్నారన్నాను. ఇద్దరిలో అందగాడెవరో చెప్పమన్నాడు. ఇద్దరూ గెడ్డం గీసుకోలేదు అన్నాను.

కానీ రాయాల్సింది అది కాదు. మధ్యాహ్నం ఫ్రికో తిన్నాను. కోడిమాంసం, బంగాళాదుంపలు, వేడివేడిగా. రెండో గిన్నె సగంలో ఉండగా తెలిసింది, ఎడమ పక్కే నములుతున్నానని. ఆగిపోయాను. ఎదురుచూశాను. ఏమీ రాలేదు. లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, రెండు చేతులతో నీళ్లు తీసి ముఖం కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఏడిస్తే కన్నీళ్లు ఆ చెంప మీదుగానే జారాయి, అయినా ఏమీ కాలేదు. చెంప అంటే ఇంత మెత్తగా ఉంటుందా!

మార్చి 8, ఆదివారం, మధ్యాహ్నం



మా ఊళ్లో, ఈ షెతికాం చర్చిలో నా పంతొమ్మిదో ఏట నుంచీ ఆర్గన్ వాయిస్తున్నాను. ఇవాళ మొదటి కీర్తన ఎత్తుకోగానే శ్రుతి ఒక మెట్టు కింద పలికింది. పక్క మెట్టు మీద వేలు పెట్టాననుకుని చూసుకున్నాను. వేళ్లు సరిగానే ఉన్నాయి. చలికి ఆర్గన్ పాడైందనుకున్నాను. కానీ ఒక్కరూ తల తిప్పలేదు. అందరూ దానితోపాటే పాడుతున్నారు, అందరూ ఒక మెట్టు కిందే.

చిన్నప్పటినుంచీ నాకు ఏ చప్పుడైనా దాని స్వరం పేరు చెప్పుకుంటూనే వస్తుంది. ఫ్రిజ్, కెటిల్, కారు హారన్, అన్నీ. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ విన్నాను. అన్నీ దిగిపోయాయి. అన్సెల్మ్ మాట్లాడితే పోయిన మా మామగారు మాట్లాడినట్టుంది. చెవిలో గులిమి తీయించుకో అన్నాడు.

మార్చి 9

డాక్టర్‌కి చెప్పాను. చదివి చెబుతానంది. సాయంత్రం తనే ఫోన్ చేసింది. నిజమేనట! ఈ మందుతో ఎక్కడో అరుదుగా, నాలాంటి చెవి ఉన్నవాళ్లకి తెలుస్తుందట. మందు ఆపితే పోతుందట. రక్తపరీక్షలో ఈ మందుకి ఉప్పు కాస్త తగ్గింది, కనిపెట్టి ఉందాం అంది. కావాలంటే మోతాదు మెల్లగా తగ్గించి ఇంకో మందు చూద్దామంది.

గోరంత మాత్ర. ఊరు మొత్తాన్ని, అలలతో సహా, ఒక మెట్టు దించేసింది. భయం వేస్తోంది. భయం ఒక్కటే కాదు, ఇంకేదో కూడా.

మార్చి 19

తగ్గించి చూశాం. తల తిరగడం పోయింది. శ్రుతి పైకి జరుగుతున్నట్టే అనిపించింది. ఇవాళ రొట్టె కొరికాను, షాకు. వంటింట్లో మోకాళ్ల మీద పడ్డాను. అన్సెల్మ్ చెయ్యి చాచి, నన్ను ముట్టుకోకుండా అలాగే నిలబడ్డాడు. ముట్టుకుంటే ఏమవుతుందో తనకి తెలుసు. డాక్టర్‌ని అడిగి పాత మోతాదుకే వెళ్తున్నాను.

మార్చి 27, శుక్రవారం

వచ్చే శుక్రవారం గుడ్ ఫ్రైడే, ఆ రోజు ఆర్గన్ మోగకూడదు. మొదటి స్వరం నా గొంతులోంచే రావాలి, ఏటా అంతే. రిహార్సల్‌లో ఇచ్చాను. అన్సెల్మ్ అక్క జెలీ వదిన వెంటనే చెయ్యెత్తింది. "దెలీమా, చంపుతావా మమ్మల్ని? ఆ ఎత్తుకి ఎక్కాలంటే నాకు నిచ్చెన కావాలి!"

అప్పుడు అర్థమైంది. నా చెవికి సరిగ్గా ఉన్న స్వరం వాళ్లకి ఒక మెట్టు పైన. అందరికీ విషయం చెప్పేశాను. ఈసారి స్వరం నువ్వే ఇవ్వు వదినా అన్నాను.

"నేనా? నేనిచ్చే శ్రుతికి శిలువ మీదున్నాయన దిగి పారిపోతాడు. నీకేది తప్పనిపిస్తే అదే ఇవ్వు. మేం పట్టుకుంటాం."

ఇన్నేళ్లలో నా చెవి మాట నేను కాదనలేదు. ఎలా కాదనడం?

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే, సాయంత్రం

ఇచ్చాను. తప్పు స్వరం. నా లోపల ఏదో తప్పు తప్పని అరుస్తూనే ఉంది. ఫాదర్ లూసియెన్ తల వంచుకుని ఉన్నాడు.  నా పనైపోయిందనుకున్నాను. అంతలో వదిన అందుకుంది, వెనకే అందరూ. వాళ్ల కళ్లు చూస్తే తెలుస్తోంది, సరిగ్గా ఉంది.

నలభై ఏళ్లుగా పాడిన కీర్తనే. కానీ నేనెప్పుడూ అడుగుపెట్టని గదిలో పాడుతున్నట్టుంది. చీకటిగా, వెచ్చగా, చాలా లోతుగా. అంతమందిలో ఆ పాట అలా విన్నది నేనొక్కదాన్నే. నోరు బార్లా తెరిచి పాడాను. చెంప కిమ్మనలేదు.

బయటికొచ్చాక వదిన నా కోటు బొత్తాలు పెడుతూ, నిచ్చెన ఎక్కించకుండా చక్కగా నడిపించావు పిల్లా అంది.

వేరే మందు వద్దని సోమవారం డాక్టర్‌కి చెబుతాను.

ఏప్రిల్ 6

అమ్మ పాడిన పాత టేపు పెట్టాను. లాలిపాట. ముప్పై ఆరేళ్లకే పోయింది, ఎప్పుడు విన్నా నాకంటే చిన్నపిల్లలా పాడేది.

ఇవాళ గొంతు ఒక మెట్టు కింద, బరువుగా, తీరుబడిగా పలికింది. అమ్మకి వయసొచ్చింది.

రెండోసారి పెట్టలేదు. పెద్దావిడ, అలసిపోతుంది.