గౌరి తట్టుకున్న జ్వరం

దాచేపల్లి

అన్నయ్యకు,

నువ్వు, వదిన, గౌరి ఎలా ఉన్నారు? ఇక్కడ బుజ్జిగాడు బతికాడు. ముందు ఆ మాట చదువుకో, కోపం తర్వాత. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన అన్న మాటలు విన్నాక ఎవరైనా ఎత్తరులే.

మీ కొండ మీద నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్లకే వాడికి జ్వరం తగిలింది. ఈ సున్నపురాయి దుమ్ములో, ఈ ఎండలో పిల్లలకు మామూలేనని సిరప్ పోశాను. మర్నాడు మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే కళ్లు తేలేశాడు. పళ్లు గిట్టకరుచుకున్నాయి. విడదీద్దామని వేలు పెడితే ఎముకదాకా కొరికాడు. నా రక్తం, వాడి నురగ కలిసి గడ్డం మీద కారాయి. మా ఆయన, పక్కింటి మెకానిక్ కరీం బాబాయి చెరో కాలు పట్టుకున్నా తన్ని విదిలించుకున్నాడు. నాలుగేళ్ల పిల్లాడన్నయ్యా!

ఫిట్స్ ఆగగానే మా ఆయన నా జుట్టు పట్టుకున్నాడు.

"మీ అన్నోళ్లు పిల్లోడికి ఏం తినిపిచ్చారే? మందు పెట్టారు. ఆళ్ల పిల్లకేం కాలా, నా కొడుక్కే ఎందుకైందే?" అంటూ తల గోడకేసి కొట్టాడు. నేను అట్లకాడ అందుకుని మోచేతి మీద ఒక్కటేశాను.

"ఒరేయ్, పిల్లోడు పోతా ఉంటే మీరు కొట్టుకుంటారేందిరా! బండెక్కండి!" అని అరిచాడు కరీం బాబాయి. ఆయన జీపులోనే నరసరావుపేట వెళ్లాం. దారిలోనే మా ఆయన నీకు ఫోన్ చేసి కాళ్లు నరుకుతానన్నాడు.

ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు, మెదడుకెక్కిందన్నారు. స్పృహ లేకుండానే వాడు నర్సుల చేతులు రక్కేస్తుంటే మంచానికి కట్టేశారు. మా ఆయన అక్కడా అదే గొడవ.

"మేం ఆడున్నప్పుడే ఆళ్ల పిల్ల గౌరికీ మలేరియానే అని మాత్రలిచ్చారు మేడం. మర్నాడే ఎగురుతా తిరిగింది. అదెట్టా?"

"ఆ పిల్ల ఇంతకుముందు ఎప్పుడైనా చావుదాకా వెళ్లిందా?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. గౌరి పాలు తాగే వయసులో కొయ్యబారిపోతే నువ్వు డోలీ కట్టి వాగు దాటించడం, మరుసటి ఏడు వానలకు మళ్లీ అదే.

"ఆ దెబ్బలు తిని బతికింది, దాని ఒళ్లు నేర్చుకుంది. ఈ క్రిమి చేరిన రక్తకణాలు మెదడులో సన్నటి నాళాలకు అతుక్కుని దారి మూసేస్తాయి. ఒకటి రెండుసార్లు ఆ దాడి చూసిన ఒళ్లు వాటిని గుర్తుపట్టి అడ్డుకుంటుంది. జ్వరం మళ్లీ రావచ్చు, ప్రాణం మీదకు రావడం మాత్రం బాగా తగ్గుతుంది. మీవాడికి ఇదే మొదటిసారి," అంది. నావైపు తిరిగి, "అక్కడ పుట్టానని నువ్వూ ధీమాగా ఉండకమ్మా. ఏళ్ల తరబడి దూరంగా ఉంటే ఆ కాపుదల సన్నగిల్లుతుంది," అంది.

బుజ్జిగాడు కళ్లు తెరిచాక మా ఆయన కట్లు విప్పబోతే, వాడు ఆయన గుండెల మీద ఈడ్చి తన్నాడు. ఆయన ఆ కాలు పట్టుకుని బావురుమన్నాడు.

ఇప్పుడు తింటున్నాడు, నడుస్తున్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు, తగ్గుతుందన్నారు. నువ్వు దిగులు పడకు.

ఒక్కటి విను. గౌరి నేర్చుకున్నది వదిన కడుపులో ఉన్న బిడ్డకు రాదు. ఆ బిడ్డ కూడా చచ్చి బతికి నేర్చుకోనక్కర్లేదు. వదినను ఇప్పటినుంచే దోమతెరలో పడుకోబెట్టు. గౌరి ఎగురుతున్నా సరే, ఒళ్లు వెచ్చబడితే రక్తపరీక్ష చేయించు.

వదినను అడిగానని చెప్పు. బుజ్జిగాడిని అక్కడి నుంచే దీవించు. మా ఆయన ఆదివారం బస్సుకు నీ దగ్గరికి వస్తున్నాడు. కొడతావో, అన్నం పెడతావో నీ ఇష్టం. నేను అడ్డురాను.

నీ చెల్లెలు
సుభద్ర