చేపల తొట్టి పక్కన ఊయల కట్టొద్దు

హరిచందనా, పాపకు సూది వేయించుకుని రాగానే ఊయల కోసం వెతుకుతావు. నేనే విప్పి వెనక గదిలో పెట్టినా. చేపల తొట్టి పక్కన మళ్ళీ కట్టొద్దు.

నిన్న కొత్త తొట్టిలో ఇసక కడిగినాక రాళ్లు సర్దింది నేనే గదా. పొయ్యిరాళ్ల మాదిరి మూడింటిని ఇసక మీద నిలబెట్టి, పెద్దరాయిని వాటి మీద పెట్టినా. "అత్తమ్మా, గుడి కట్టినావే!" అని నవ్వినావు. ఆ పొడుగు చేప రాళ్ల కిందనే ఇసక తవ్వి పక్కన పోసింది. పొద్దున చూస్తే పెద్దరాయి అద్దం మీదికి ఒరిగింది. సరిచేద్దామని చెయ్యి పెడితే ఇంకా జారింది. భయమేసి వదిలేసినా.

వైర్లు తొట్టి కిందనే ఉన్నాయి. అందుకే కరెంటు మెయిన్ ఆపేసినా, వెయ్యొద్దు. చేపలు చస్తాయని నీ మొగుడు యశ్వంత్ అరుస్తాడు, అరవనీ. వాడొచ్చి నీళ్లు తోడేదాకా తొట్టి ఉన్న గది తలుపు తీయొద్దు.

మా అక్కకు బాగలేదంట, కొమరోలు పోతన్నా. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాసినా, చదవలేదనొద్దు.

చేపలు కనబడకపోతే పాప ఏడుస్తది. ఎంత ఏడ్చినా ఎత్తుకుని ఆ గదిలోకి పోవద్దమ్మా. నేను తలుపు వేస్తుంటే అద్దం టిక్కుమన్నది.