ఫోటోలో పురుగులు తెల్లగా ఉన్నాయి

ఆగస్టు 3

నిన్న మదనపల్లెలో ఫోన్ కొన్నాం. మరీ ఖరీదైనది కాదు, మరీ చౌకదీ కాదు. "మీడియం రేంజి మేడమ్" అంది షాపులో అమ్మాయి. కెమెరా బాగుండాలి అన్నాను. "రీల్స్ చేస్తారా?" అని నవ్వింది. పట్టుపురుగుల్ని తీయాలి అన్నాను. నవ్వు ఆగిపోయింది పాపం.

షెడ్డు కోసమే ఇది. నాలుగో జ్వరం దాటాక, అంటే పురుగులు కడసారి చర్మం విడిచి లేచాక, బయటివాళ్ళని లోపలికి రానివ్వం. వేరే చోట పురుగులు మేపే మనిషైతే గడప కూడా తొక్కకూడదు. కాళ్ళతో పాటు రోగం వస్తుంది. కుప్పంలో ఉన్న మా అక్క చేసేది ఆ పనే. కాబట్టి ఆమె రాకూడదు, ఫోటో పోవాలి.

ఇంట్లో చెప్పింది ఇంతే. ఇక్కడైనా నిజం రాసుకుంటాను. పోయిన పంటకు అక్క వచ్చింది. ఊరి ఆడవాళ్ళ ముందర — "ఇట్లనా లచ్చీ ఆకు ఏసేది? గొర్రెలకు ఏసినట్ల ఏస్తాండావే!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకా మండుతూనే ఉంది. ఫోటో పంపితే తిట్టేది ఫోన్లోనే తిడుతుంది, ఊరు వినదు.

ఆగస్టు 5

రెండు రోజులు వాడాక —

బాగున్నవి. ఒకసారి చార్జింగు పెడితే రెండు రోజులు చూడక్కర్లేదు. గొంతు గట్టిది. షెడ్డులో మోగితే మల్బరీ తోట చివరన ఉన్నా వినపడుతుంది.

బాగులేనివి. నా వేలు దానికి తెలియదు. సున్నం, బ్లీచింగు పొడి, ఆకు జిగురు… వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. రేషన్ మిషన్ కూడా ఇట్లాగే అంటుంది, కానీ అది నాది కాదు. సోమల వైపు గుట్ట దాటితే సిగ్నల్ లేదు. ఇంకొకటి, ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అని పోతుంది. కంపెనీవాళ్ళ గోల అనుకుంటాను.

ఆగస్టు 6

కుప్పం నుంచి చాకీ పురుగులు వచ్చాయి. గుడ్డు పగిలినప్పటి నుంచి రెండు జ్వరాలు దాటేదాకా అక్క పెంచినవి. ఒక్కటీ ఎక్కువ తక్కువ లేదు, అన్నీ సమంగా ఉన్నాయి. మా ఊర్లో తొమ్మిది ఇళ్ళవాళ్ళు అక్క దగ్గరే తీసుకుంటారు, ఊరికే కాదు.

ఈ మాట ఆమెతో మాత్రం అనను.

ఆగస్టు 10

మూడో జ్వరం. మేత లేదు, పని లేదు. షెడ్డంతా నిశ్శబ్దం.

నా ఫోటో నేనే తీసుకున్నాను. పదేళ్ళు తగ్గించింది! బుగ్గ మీద మంగు లేదు. మా ఆయన చూసి — "ఎవురు మే ఈమె?" నచ్చింది నాకు. నాలుగు సార్లు తీసి చూసుకున్నాను.

ఆగస్టు 15

నాలుగో జ్వరం పట్టాయి. అక్క ఫోన్ చేసింది. "లేసినాక ఒక తూరి వచ్చి సూసి పోతా. ఒగ పూట ఎండ, ఒగ పూట వాన… నాకు యాలనో బాగలేదు పాపా."

వద్దన్నాను. "నీ కాళ్ళకేం అంటుకోనుండాదో ఎవురికి తెలుసు" అన్నాను, నవ్వుతూనే. అక్క నవ్వలేదు. "సరే. ఫోటో పెట్టు."

గెలిచినట్టు అనిపించింది. ఏం గెలిచానో.

ఆగస్టు 18

పొద్దున ఆకు వేస్తున్నాను. మూల స్టాండులో కొన్ని మేత వదిలేసి ఆకు పడక అంచు మీద తిరుగుతున్నాయి. ఒళ్ళు మెరుస్తోంది. కణుపు కణుపు దగ్గరా ఉబ్బు. రంగు… పసుపు. పసుపేనా? కళ్ళు నలుపుకొని చూశాను.

ఫోటో తీశాను. ఫోటోలో తెల్లగా ఉన్నాయి. ఇంకోటి తీశాను, అదీ తెలుపే. మూడోది కూడా. ప్రాణం కుదుటపడింది. అక్కకి పంపాను.

రెండు నిమిషాల్లో అక్క ఫోన్ చేసింది. "ఫోటోలో బాగనే ఉండాయి. ఫోటో పక్కన పెట్టు లచ్చీ. నీ కంటికి ఎట్లుండాయో అది సెప్పు. పసుపు తిరిగిండాయా? అంచు మీద తిరగతాండాయా? అట్లుంటే ఇప్పుడే ఏరి పారేసి సున్నం సల్లాల. లేదంటే నేనే వస్తా."

"ఫోటోలో ఉన్నట్లే ఉండాయక్కా."

"అయితే ఏం భయం లే."

ఆగస్టు 19

ఈరోజు ఫోటో తీయలేదు.

ఆగస్టు 20

తాకితే పగులుతున్నాయి. పాలు కారుతున్నాయి. ఆ స్టాండు, దాని పక్కది, ఎదురుది… పురుగులు గూళ్ళు అల్లే వెదురు తట్టలు, చంద్రికలు, కడిగి ఎండబెట్టి ఉంచాను, ఇంకో మూడు రోజుల్లో గూళ్ళు కట్టేవి.

ఆగస్టు 21

ఒక్కటీ మిగల్లేదు. మా ఆయన గుంత తీశాడు, నేను సున్నం చల్లాను. సున్నం చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. కళ్ళు మండి ఇంకా ఏడ్చాను. ఆయన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 23

పుంగనూరు పోయాం, షెడ్డు కడగడానికి బ్లీచింగు పొడి కోసం. అంగట్లో మా ఊరి రెడ్డెప్ప, ఇంకా ఇద్దరు ముగ్గురు. మా ఆయన — "కుప్పం చాకీలోనే ఉండాది రోగం. సొంత వదిన గదా అని నమ్మితే ఇట్లయిందప్పా."

రెడ్డెప్ప వెంటనే — "అట్లయితే మాకొద్దప్పా ఆ చాకీ. ఇంగో చోట సూసుకుంటాం."

నేను సంచి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. రోగం ఎక్కడ నుంచి వచ్చిందో దేవుడికి తెలియాలి. పద్దెనిమిదో తేదీ సంగతి మాత్రం నాకు తెలుసు. ఆ పొద్దే ఏరి పారేసి ఉంటే సగమైనా దక్కేవి. పొడికి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. ఇంటికి వచ్చి అన్నం కూడా వండాను.

ఆగస్టు 26

మదనపల్లె హాస్టల్ నుంచి మా పాప మౌనిక వచ్చింది. ఆ రోజు ఫోటోలు చూపించాను. ఫోన్ అటూ ఇటూ తిప్పి — "మా, ఇది ఏది తీసినా తెల్లగా, నున్నగా సేస్తాది. సెట్టింగు అట్ల పెట్టిండారు." ఒక్క నొక్కు నొక్కి ఆపేసింది. నన్ను ఫోటో తీసింది. నా మంగు నాకు వచ్చేసింది.

ఎంత సంతోషమో! తప్పు ఫోనుది. నాది కాదు, అక్కది కాదు. ఈ ముదనష్టపు కెమెరాది. అక్కకి ఏమని చెప్పాలో మనసులో వరస పెట్టుకుంటూ బియ్యం కడిగాను.

అంతలోనే మౌనిక — "ఇంగోటి మా. నువ్వు మాట్లాడేవన్నీ రికార్డు అయితాండాయి. మొదట్లో ఆ ఇంగ్లీషు ఆమె సెప్పేది అదే."

సాయంత్రం తోటలోకి పోయి పద్దెనిమిదో తేదీది పెట్టుకుని విన్నాను. అక్క గొంతులో భయం ఉంది. నా గొంతులో ఏమీ లేదు. పాలు పోయమన్నట్టు, ఉప్పు అందుకోమన్నట్టు అంత మామూలుగా ఉంది — "ఫోటోలో ఉన్నట్లే ఉండాయక్కా."

ఆగస్టు 28

అక్కే ఫోన్ చేసింది. మా ఊర్లో ఏడు ఇళ్ళవాళ్ళు చాకీ వద్దన్నారట. నేను అనుకున్న వరస మొత్తం అప్పజెప్పాను — కెమెరా, సెట్టింగు, తెలుపు.

విన్నది.

"నేను ఫోన్ని అడగలే లచ్చీ. నిన్ను అడిగినా."

తర్వాత — "ఆదివారం వస్తా. అందరి ముందర మాట్లాడాల. నువ్వు ఉండాల." పెట్టేసింది. అరవలేదు. ఇదివరకు గొర్రెలకు ఏసినట్ల అని అరిచిన మనిషి. ఇప్పుడు అరిస్తే కాళ్ళు పట్టుకునేదాన్ని.

ఆగస్టు 30

రేపు అక్క వస్తుంది. షెడ్డు కడిగి, తలుపులు బార్లా తీసి పెట్టాం. లోపల ఏమీ లేదు, ఎవరైనా రావచ్చు.

మా ఆయన — "రానీ. నలుగురినీ పిల్సినా. మొగం మీదనే అడుగుతా." రికార్డింగు సంగతి ఆయనకు తెలియదు. మౌనిక చెప్పలేదు. చెప్పొద్దని నేనే అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు…

పద్దెనిమిదో తేదీ కాల్ మీద వేలు పెట్టి పట్టుకుంటే అడుగుతోంది. తీసేయాలా? అవును. వద్దు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం నా అరిగిన వేలైనా పని చేస్తుంది.

మొదట్లో బాగున్నవి, బాగులేనివి అని రాశాను. పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఈ రికార్డింగు ఏ వైపు రాయాలో తెలియడం లేదు. ఇంకా తీసేయలేదు. ఉంచుతానని కూడా కాదు.

చార్జింగు నిండా ఉంది, రేపంతా వస్తుంది. గొంతు గట్టిది. షెడ్డు ముందర పెడితే నలుగురికీ వినపడుతుంది.