నానమ్మ పేరున్న కార్డు

అశోక్ చౌక్, సోలాపూర్
బుధవారం

లక్ష్మి చిన్నమ్మకు,

ఈ పొద్దున అమ్మ తడిగుడ్డలోని తునికాకు మూట విప్పింది. రెండు ఆకులు వేళ్లతో తడిమి చూసి, ఒక్కటీ కత్తిరించకుండా మళ్లీ కట్టేసింది. బతుకమ్మ పండుగనాడు కూడా బీడీలు చుట్టే మనిషి.

"వకీలు లేకుంట కేసేంది? అక్కకు నోరే లేదా?" అని నిన్న ఫోన్‌లో అడిగావు. మాది ఒకే గది. అమ్మ పక్కనే ఉంది. అందుకే ముక్తసరిగా మాట్లాడి పెట్టేశాను.

మొన్న కోర్టు కేసు కొట్టేసింది. అమ్మ అడిగింది బీడీ కార్మికుల పింఛను. ఇరవై రెండేళ్లు చుట్టింది. కానీ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు మా నానమ్మ సుందరాబాయిది. నానమ్మకు చూపు తగ్గాక అమ్మ ఆ కార్డు మీదే కంపెనీ నుంచి ఆకు తెచ్చుకుని, ఆ పేరుతోనే బీడీలు అప్పగించింది. మా గల్లీలో చాలా ఇళ్లలో అంతే, చుట్టేది కోడలు, పేరు అత్తది. నానమ్మ పోయాక అమ్మ అడిగితే, పింఛను ఆఫీసువాళ్లు నిర్మల అనే కార్మికురాలే లేదన్నారు. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. అర్జీ నేను రాశాను, కోర్టులో అమ్మే నిలబడింది.

జడ్జి మంచివాడే. అర్జీ చదివి, ఇంత చక్కని ఇంగ్లిష్ ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను. కాన్వెంట్‌లో చదివానని, బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ వచ్చేదని మెల్లగా అన్నాను. ఆయన అమ్మవైపు తిరిగాడు.

"బాయీ, కార్డు ఎవరిది?"

"మా అత్తది సాహెబ్. చుట్టింది నేను."

"మరి ఇన్నేళ్లు నీ పేరున ఎందుకు తీసుకోలేదు?"

అమ్మ నావైపు చూసింది. మళ్లీ అడిగాడు. తల వంచుకుంది. జవాబు నాకు తెలుసు. నేనూ నేలనే చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే పక్కింటి పెంటప్ప మగ్గం ఆపి మరీ బయటికొచ్చాడు. "ఏం నిర్మలా, కోర్టుల గప్‌చుప్ ఐతివంట! నల్లా కాడైతే నీ నోరు ఆగదు గద!"

"నల్లా కాడ జడ్జి ఉండడు గదనే అన్నా," అంది అమ్మ.

అర్జీ రాసేటప్పుడే నాచేత ఒట్టు వేయించుకుంది. "నీ కాగితాల జోలికి పోకు బిడ్డా. నౌకరీ దొరికే టైముల లఫ్డా వద్దు." వచ్చే నెల బడిలో టీచరుగా చేరాలి నేను. అమ్మ పింఛను కావాలా, నా ఉద్యోగం కావాలా అని కోర్టులో నన్నెవరూ అడగలేదు. అడగకుండానే నా జవాబు చెప్పి వచ్చాను.

తీర్పు మళ్లీ చూడమని అడగడానికి ఇంకా గడువుంది. ఆ మూట కట్టేయడం చూశాక కొత్త అర్జీ మొదలుపెట్టాను. ఈసారి నా స్కూల్ సర్టిఫికెట్ జత చేస్తున్నాను, జడ్జి అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ఉద్యోగం సంగతి తరువాత. అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

కార్డు ఎవరిదైతే వాళ్ల పిల్లలకే స్కాలర్‌షిప్. నన్ను ఒకటో తరగతిలో చేర్చిన రోజు అమ్మే దగ్గరుండి ఫారం నింపించింది. అందులో తల్లి పేరు సుందరాబాయి.

నీ
హర్షద