ఇంటిపేర్ల పుస్తకం, పదిహేడో పేజీ

బొంబాయి నగరం, కామాటిపుర పదకొండో గల్లీ, లింగన్న చాల్, రెండో అంతస్తు, పద్నాలుగో నంబరు ఖోలీలో ఉంటున్న సున్నపు బాలనర్సయ్య అనే నేను, కీర్తిశేషులు సున్నపు ఎల్లయ్య కుమారుణ్ణి, డెబ్బై ఎనిమిదేళ్ల వాణ్ణి, మేస్త్రి పని చేసి మానుకున్నవాణ్ణి, నా వారసులకూ ఈ చాల్ పెద్దలకూ తెలియజేస్తూ రాసుకున్న వీలునామా ఇది.

నాకు మోకాళ్లు పనిచేయవు, ఎడమ చెవి వినపడదు. మతి మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, కల్లు పోయించి రాయించలేదు. గ్రాంట్ రోడ్‌లో కూర్చునే వకీలు గుమాస్తా దీన్ని మరాఠీలో టైపు చేయిస్తానన్నాడు. వద్దని నా చేత్తో నేనే తెలుగులో రాస్తున్నాను. మరాఠీలో అయితే నా పేరు బాలనర్సు కామాటి అని పడుతుంది. రేషన్ కార్డులో అదే, కొడుకు బడి సర్టిఫికెట్‌లో అదే. ఈ చాల్‌లో డెబ్బై కాపురాలుంటే సర్కారు కాగితాల్లో డెబ్బై కాపురాలకూ ఒకటే ఇంటిపేరు, కామాటి. నేను చెప్పబోయే తప్పుకు మూలం అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కోడలు మల్లవ్వది. నా కొడుకు దత్తు మంచివాడే, కానీ వాడికి తెలుగు చదవడం రాదు. తప్పు వాడిది కాదు, మరాఠీ బడికి పంపింది నేను. మల్లవ్వ పాలమూరు జిల్లా నుంచి వచ్చిన పిల్ల, ఏడో తరగతి చదివింది, నాతో వాదిస్తుంది. వాదించే మనిషి చేతిలో పెడితే కాగితం మూలన పడదని నా నమ్మకం.

2. ఈ ఖోలీ నాది కాదు, భాడాది. భాడా పావతీ, అంటే అద్దె రసీదు, నా పేరున ఉంది. దాన్ని దత్తు, మల్లవ్వ ఇద్దరి పేర్లమీదికి మార్పించుకోవాలి. కిటికీ పక్క మూల మా అక్క గంగవ్వ యాభై ఏళ్లు పడుకున్న చోటు. అక్కడ బీరువా పెడతానని దత్తు రెండుసార్లు అన్నాడు. నేను పోయాక పెట్టుకోవచ్చు. ఉన్నంతకాలం పెట్టనివ్వను.

3. నా తాపీ, మా అక్క చేతిలో పెరిగిన సాయిలు కొడుకు రాములుకు. వాడు సైట్ల మీద గోడలకు గిలాబు పని చేస్తాడు, చెయ్యి మంచిది. రసమట్టం నా మనవరాలు సుజాతకు. ఏడేళ్ల పిల్ల, దాన్ని పనిముట్టు అనుకోదు. లోపలి బుడగ అటూ ఇటూ పోతుంటే ముక్కు ఆనించి చూస్తుంది. చూసుకోనివ్వండి, లాక్కోవద్దు. గోడ నిలువు చూసే తూకం గుండు కింది అంతస్తు పెద్దయ్యకు. 1961లో వారం రోజులకని అడిగి తీసుకుపోయాడు, ఇప్పుడు తనదేనంటాడు. గుండు ఎలాగూ అతని దగ్గరే ఉంది గనక దాని దారం ఇస్తున్నాను. మేకుకు వేలాడుతోంది, వచ్చి తీసుకోమనండి.

4. ఇంటిపేర్ల పుస్తకం మల్లవ్వకు.

ఈ పుస్తకం ఏమిటో చిన్నవాళ్లకు తెలియదు కనుక రాస్తున్నాను. మా అక్క గంగవ్వకు పదహారో ఏట పెళ్లయింది. పెళ్లికొడుకుదీ కామాటిపురే. అతని కాగితాల్లో కామాటి, మా కాగితాల్లో కామాటి, ఎవరూ లోతుగా అడగలేదు. రెండేళ్ల తర్వాత అతని ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన భోజనాల దగ్గర చెప్పాడు, వాళ్లూ సున్నపువారేనని. ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ల వరస. పెద్దలు కూర్చుని ఇద్దరినీ విడదీశారు. అతను రంగూన్ ఓడ ఎక్కి వెళ్లిపోయాడు, మళ్లీ కబురు లేదు. అక్క మా ఖోలీకి తిరిగొచ్చి ఆ కిటికీ మూల చాప పరుచుకుంది. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. చాల్ కింద నడిచే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నది ఇందుకోసమే. 1926లో గల్లీ గల్లీ తిరిగి, ఏ ఇంటివాళ్ల అసలు పేరు ఏమిటి, ఏ ఊరు, ఎవరికి ఎవరు ఏమవుతారు అని రాయడం మొదలుపెట్టాను.

నలభై ఒక్క ఇంటిపేర్లు ఉన్నాయి. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ, వెనక వైపు వాళ్ల కథ. ఏ ఇంటివాళ్లు ఏ పనికి వచ్చారు, ఎవరు ఓడలాగే గోదీలో రాళ్లు మోశారు, ఎవరు ఉప్పునీళ్ల మడుగులో మట్టి పోసి పూడ్చారు, అంతా ముసలివాళ్ల నోటి నుంచి విని రాసిందే. ఈ గల్లీ ఉన్నచోట పోటు వస్తే మోకాలి లోతు నీళ్లుండేవని మా తాత చెప్పేవాడు. వానాకాలంలో గల్లీ మునిగినప్పుడల్లా "సముద్రం తన జాగ సూసుకోనీకి అచ్చింది, పోతది తియ్యి" అని మంచమెక్కి కూర్చునేవాడు. అది కూడా పుస్తకంలో ఉంది.

మల్లవ్వ ఏటా పోచమ్మ బోనాల రోజున పిల్లలను కూర్చోబెట్టి ఇందులోంచి ఒక ఇంటి కథ చదవాలి. వాళ్లకు తెలుగు అర్థం కాకపోతే మరాఠీలో చెప్పాలి. హిందీలో అయినా సరే. భాష పోయినా కథ పోకూడదని నా కోరిక.

అరవై ఏళ్లుగా ఈ పుస్తకం చూడకుండా పదకొండో గల్లీలో పెళ్లి జరగలేదు. అది నాకు గర్వం. ఆ గర్వమే నన్ను కింద రాయబోయే పనికి దిగజార్చింది.

5. పదిహేడో పేజీ కొట్టివేస్తున్నాను. ఈ అంశం నా చావు కోసం ఆగదు. వచ్చే ఆదివారం, జనవరి ఇరవై ఆరున, చాల్ ముందు జెండా ఎగరేసి మిఠాయి పంచాక, అందరూ ఉండగా మల్లవ్వ దీన్ని పైకి చదవాలి. బతికుండగా చదివితే అది వీలునామా కాదని గుమాస్తా అన్నాడు. దాని పేరు ఏదైనా నాకు ఫరవాలేదని చెప్పాను.

పదిహేడో పేజీ నీరటివారిది. నీరటి దుర్గయ్య, అతని భార్య పరేల్ సైటు మీద ఉండేవాళ్లు. మన గల్లీలో వాళ్లను ఎరిగినవాళ్లు తక్కువ. 1938లో దుర్గయ్య పరంజా మీంచి పడి పోయాడు, నెల తిరగకుండా ఆమె జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. పేజీ కింద "ఇల్లు ముగిసింది" అని నేనే గీత గీశాను.

తారాబాయి ఎదురు ఇంట్లో ఉండేది. రాత్రిపూట ఏం చేసి బతికేదో ఈ గల్లీలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమెకు ఒక కొడుకు. వాణ్ణి పగలంతా మా అక్క దగ్గర వదిలేది. 1940లో తారాబాయి చనిపోయింది. వాడికి మూడేళ్లు. మా అక్క వాణ్ణి చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన చాప పక్కన ఇంకో చాప పరిచింది. నన్ను అడగలేదు. ఆరో ఏట బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు కావాల్సి వచ్చింది. నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అక్క అంది, "సచ్చినోల్ల ఇంటిపేరు ఉత్తగ పడున్నది గద తమ్మీ. పిలగానికి పెట్టు." పెట్టాను. ముగిసింది అన్న గీత చెరిపి, "కుమారుడు సాయిలు" అని రాశాను. బంధువుల దగ్గర పెరుగుతున్న దుర్గయ్య బిడ్డను తెచ్చుకున్నామని చాల్‌లో చెప్పాం. ఎదురిళ్ల పిల్లల మొహాలు మనవాళ్లు పట్టి చూసేవాళ్లు కాదు కనుక అందరూ నమ్మారు. పుస్తకంలో ఉంది కదా.

దానికి నేను ఈ రోజుకీ విచారించడం లేదు. మా అక్క చేయించిన పనుల్లో అది మంచి పని. సాయిలు మన మధ్యనే పెరిగాడు, మన పిల్లనే చేసుకున్నాడు, ఒకరికి చెడు చేసిన మనిషి కాదు. నాకు బాధంతా ఒకటే. ఊరూ పేరూ తల్లీ తండ్రీ అంటూ అందరినీ విసిగించి రాసుకున్న నేను, ఎదురుగా అంతకాలమున్న తారాబాయిని నీది ఏ ఊరమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.

నా అసలు తప్పు పోయిన దసరాకు జరిగింది. సాయిలు కొడుకు రాములు, వాడి సైటు మీద మట్టి మోసే భూదేవి ఒకరినొకరు ఇష్టపడ్డారు. భూదేవి తండ్రి చంద్రయ్య పాలమూరు నుంచి పనికి వచ్చినవాడు. రెండు కుటుంబాలూ ఒప్పుకుని, ఆనవాయితీ ప్రకారం నా ఖోలీకి వచ్చాయి. ఇంటిపేరు అడిగాను. నీరటి అన్నాడు చంద్రయ్య. దుర్గయ్య అతనికి సొంత పెదనాయన. ఆయన వంశం బొంబాయిలో నిలబడిందని సంతోషపడి సాయిలును కావలించుకున్నాడు. ఆ మరుక్షణమే అతనికీ అర్థమైంది. అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకం మూసి, వరస కుదరదు, అన్నాచెల్లెళ్లవుతారు అన్నాను.

ఆ మాట అన్న నోరు నాదే. అక్కను విడదీసిన పెద్దల్ని బతుకంతా తిట్టుకున్నవాణ్ణి నేనే. వాళ్లు నిజంగానే వరస అడ్డమని చేశారు. నేను ఏ అడ్డమూ లేదని తెలిసి చేశాను.

సాయిలు పరువు కోసం చేశానని మూడు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. రాములు ఇంట్లో అన్నం తినడం మానేశాడు, సైటు మీదే పడుకుంటున్నాడు. చంద్రయ్య ఊళ్లో వేరే సంబంధం చూశాడు, ఈ మాఘంలో పూలుపండ్లు పెట్టుకోవాలని. పోయిన వారం భూదేవి ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. సిమెంటు చేతులు కూడా కడుక్కోలేదు. గడపలోనే నిలబడి "తాతా, ఆ పుస్తకం రాసింది ఎవలు?" అని అడిగింది. నేనే అన్నాను. "నువ్వే రాస్తే నువ్వే కొట్టెయ్యరాదా మరి" అని వెళ్లిపోయింది. దానికి సంగతేమీ తెలియదు. కడుపు మండి అన్న మాట. ఆ రాత్రి పదిహేడో పేజీ తీసి ముందు పెట్టుకున్నాను.

మర్నాడు సాయిలును పిలిచి తలుపు వేసి అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను, రాయడానికి నాకు సిగ్గు లేదు. వాడు అంతా విని అన్నాడు, "నాకెరుకనే మామా. పెద్దమ్మ పానం పొయ్యే ముంగట చెప్పింది."

మా అక్క పోయింది 1971లో. అంటే పదిహేనేళ్లుగా వాడికి తెలుసు. దసరా నాడు నా ఎదురుగా కూర్చున్నప్పుడూ తెలుసు. మరి ఎందుకు నోరు విప్పలేదురా, నీ కొడుకు బతుకు కదా అంటే, "నలుగురిల నీ పుస్తకం తప్పయితదని" అన్నాడు. వాడి పరువు కోసమని నేను, నా పరువు కోసమని వాడు, ఇద్దరం కూడి ఆ పిల్లల నోట్లో మట్టి కొట్టాం. ఇందులో వాడి పాలు చాలా తక్కువ. వాడు నా మీద ప్రేమతో ఊరుకున్నాడు. నేను నా పుస్తకం మీద ప్రేమతో ఊరుకున్నాను.

చంద్రయ్యకు కూడా నేనే చెప్పాను. బీడీ ముట్టించి, "పిలగాడు తాగుతడా?" అని అడిగాడు. తాగడు అన్నాను. "అయితే నాకేం అడ్డం లేదు. గానీ నలుగుర్ల కాదన్నవు, నలుగుర్ల అవునను" అన్నాడు. ఇరవై ఆరో తేదీ దాకా ఊరికి కబురు పంపనని మాట ఇచ్చాడు.

కాబట్టి నలుగురిలో అంటున్నాను. సాయిలు నీరటి దుర్గయ్య కొడుకు కాదు. తారాబాయి కొడుకు. రాములుకూ భూదేవికీ ఏ వరస అడ్డమూ లేదు. దుర్గయ్య ఇల్లు 1938లోనే ముగిసింది, ఆయన పేరు ఇన్నాళ్లూ వాడుకున్నందుకు నీరటివారి ముందు తల వంచుతున్నాను.

6. ఇది విని కొందరు లేస్తారని నాకు తెలుసు. తల్లి ఎవరు, గల్లీ అవతలి మనిషి కదా అంటారు. ఎవరు లేస్తే వారి ఇంటి పేజీ తీసి, వెనక వైపు రాసినదంతా మల్లవ్వ అక్కడికక్కడే పైకి చదవాలి. నలభై ఒక్క పేజీలూ నేనే రాశాను, ఏ పేజీలో ఏముందో నాకు తెలుసు. నిశ్శబ్దంగా కూర్చున్నవారి పేజీలు చదవొద్దు.

7. పుస్తకం చివర నలభై రెండో పేజీ తెరిచాను. అందులో సాయిలు, వాడి భార్య, రాములు పేర్లు రాశాను. రేపు భూదేవి పేరుకు, ఆ తర్వాత వచ్చేవాళ్ల పేర్లకు చోటు వదిలాను. పైన ఇంటిపేరు రాసే చోటు ఖాళీగా ఉంది. నా ఇంటిపేరు ఇస్తాను, సున్నపు అని రాసుకో అన్నాను. "మల్ల ఒకరిది ఎందుకు మామా" అన్నాడు. ఏం రాయాలో తన సంతకంలో చూసుకోమన్నాడు. ఈ కాగితం కింద వాడు ఏ పేరు పెడితే, మల్లవ్వ ఆ పేరునే నలభై రెండో పేజీ పైన పెద్ద అక్షరాలతో ఎక్కించాలి.

8. సాయిలుకు ఈ వీలునామాలో ఏమీ ఇవ్వలేదు. సొమ్ము పొందేవాడు సాక్షిగా ఉండకూడదని గుమాస్తా చెప్పాడు. నాకు వాడి సాక్ష్యమే కావాలి.

9. నా శవాన్ని ఎక్కడ కాల్చినా సరే. బూడిద మాత్రం ఆటు వెళ్లే వేళ చూసి సముద్రంలో కలపాలి, పోటు వేళ కలిపితే మళ్లీ గల్లీలోకే వస్తాను.

ఇంతకు ముందు నేను ఎక్కడైనా ఏదైనా రాసి ఉంటే అది చెల్లదు. పైన రాసినదంతా మల్లవ్వ నాకు రెండుసార్లు చదివి వినిపించింది, రెండోసారి కుడి చెవి వైపు కూర్చుని. సరిగ్గా ఉంది.

1986 జనవరి 19, ఆదివారం, బొంబాయి.

(సంతకం) సున్నపు బాలనర్సయ్య

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:

1. గుండేటి రాజవ్వ, పదిహేనో నంబరు ఖోలీ. ఎడమ బొటనవేలి ముద్ర.

2. (సంతకం) తారాబాయి సాయిలు